సముద్రం లేని ఊరి నుంచి ఆక్వాటిక్ బయోటెక్నాలజీ చదవొచ్చా? ఒక ల్యాబు మనిషి జవాబు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. మీది పుత్తూరు దగ్గర పల్లె, ఇంట్లో మామిడి తోట ఉంది. పీజీకి ఆక్వాటిక్ బయోటెక్నాలజీ వైపు వెళ్దామని నీ ఆలోచన. మీ నాయనేమో "చేపలు పట్టేదానికి చదువెందుకు, మనకు సముద్రం కూడా లేదు గదా" అంటున్నారు. అసలు అందులో ఏం నేర్పుతారు, బయట దేనికి పనికొస్తుంది, ఉద్యోగం దొరుకుతుందా, నీచు తినని ఇంటి పిల్లకు ఈ పని కుదురుతుందా అని అడిగావు.

నేనూ తిరుపతిలోనే జువాలజీ పీజీ చేశాను. నెల్లూరు తీరంలో రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మే ఒక హ్యాచరీ ల్యాబులో ఆరేళ్లు, తరవాత ఒక ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ ల్యాబులో నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ రైతులు పంపే శాంపిళ్లు చూసే చిన్న ల్యాబు నడుపుతున్నాను. కాబట్టి నా మాటల్లో రొయ్యల వాటా ఎక్కువుంటుంది. అది మనసులో పెట్టుకుని చదువు.

ముందు మీ నాయన మాట. తోతాపురి అంటు కొనేటప్పుడు ఆయన ఏమడుగుతారు? ఏ తల్లి చెట్టు కొమ్మ, ఏ నర్సరీ అని అడగకుండా కొనరు. ఎందుకంటే తేడా ఉంటే కాపుకొచ్చాక గానీ బయటపడదు, అప్పటికి నాలుగేళ్లు నేల పాలు. రొయ్య పిల్ల కొనే రైతు బాధ కూడా అచ్చంగా ఇదే. కాకపోతే అక్కడ తేడా నలభై, యాభై రోజుల్లో తేలుతుంది, ఆ లోపల మేతకు, కరెంటుకు, డీజిలుకు పోసిన డబ్బు మామిడి తోట ఖర్చుకంటే చాలా ఎక్కువ. పిల్లను గుంటలోకి వదలకముందే తల్లి ఎలాంటిది, పిల్లలో రోగం ఉందా లేదా అని చెప్పగలగడం ఈ చదువులో ఒక పెద్ద భాగం. దానికి సముద్రం అక్కర్లేదు. అర మిల్లీలీటరు పట్టే ప్లాస్టిక్ ట్యూబు చాలు.

పైగా సముద్రం లేదన్నది పాత మ్యాపు మాట. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పులికాట్ సరస్సు అంచు మన జిల్లాదే ఇప్పుడు. చిలికా తరవాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే.

ఇక ఏం నేర్పుతారన్నది. నీకు తెలియకుండానే నువ్వు మూడేళ్లుగా నీటి బయోటెక్నాలజీ వాడుతున్నావు. మీ ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లలో పోసే అగార్ సముద్రపు నాచు నుంచి తీసిందే. డీఎన్‌ఏను పొడవును బట్టి విడదీయడానికి పరిగెత్తించే అగరోజ్ జెల్ కూడా దాన్నుంచే. డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్‌లో వాడే టాక్ ఎంజైము థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాది. పేరులోనే నీళ్లున్నాయి చూడు. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే ఆ సూక్ష్మజీవికి థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి కలిసి 1969లో పేరు పెట్టారు. అది లేకముందు పీసీఆర్‌లో ప్రతి చుట్టుకూ ఎంజైము మళ్లీ కలపాల్సి వచ్చేది, 95 డిగ్రీల వేడికి అప్పటి ఎంజైము చచ్చిపోతుంది గనక. కణాల్లో ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ప్రొటీన్ జెల్లీఫిష్‌ది, దానికి 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్ మందుల్లో బ్యాక్టీరియా విషం ఉందేమో చూసే పరీక్ష గుర్రపునాడా పీత రక్తంతో పుట్టింది. కాబట్టి ఈ సబ్జెక్టు అంటే చేపలే అనుకోవద్దు. నీటిలో బతికే దేన్నయినా పట్టుకుని దాని కణం, జన్యువు, ఎంజైము స్థాయిలో పని చేయించుకోవడం ఇది.

సిలబస్ తెరిస్తే మొదట కనపడేది సంతానోత్పత్తి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువుల్లో చక్కగా పెరుగుతాయి గానీ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. ఏటిలో వరద వస్తేనే వాటికి ఆ ఊపు. అందుకని ఒకప్పుడు పిల్లల కోసం నదుల్లో వలలు వేసేవాళ్లు, వచ్చినదాంట్లో ఏ చేప పిల్ల ఎంతో దేవుడికే ఎరుక. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్ చేసి చేపతో గుడ్లు పెట్టించారు. జులై 10ని ఇప్పుడు జాతీయ చేప రైతుల దినంగా జరుపుతున్నాం. ఇప్పటి హ్యాచరీల్లో గ్రంథి సారానికి బదులు సీసా మందు వచ్చింది. అందులో ఒకటి మెదడు ఇచ్చే సంకేతాన్ని పోలిన హార్మోను. ఆ సంకేతానికి అడ్డుపడే డోపమిన్‌ను ఆపేది రెండోది, వాంతులకు మనం వేసుకునే మాత్రలో ఉండే డోంపెరిడోనే అది. సాయంత్రం ఇంజెక్షన్ చేస్తే తెల్లారేసరికి గుడ్లు. నాకైతే ఇప్పటికీ ఇది చూడముచ్చటగానే ఉంటుంది.

తరవాత జాతి మెరుగు. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా నార్వే వాళ్లతో కలిసి 1992లో శీలావతి మీద పని మొదలుపెట్టింది. వేరువేరు నదుల చేపలు తెచ్చి, త్వరగా పెరిగే కుటుంబాలను ఏరి, వాటినే కలుపుతూ పోయారు. అదే జయంతి రోహు, శీలావతికే రోహు అని ఇంకో పేరు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం నాటికి బయటికొచ్చింది గనక ఆ పేరు. జన్యువును కోసి అతికించలేదని గమనించు. మన ఎద్దుల్ని ఏరి కట్టినట్టే, కాకపోతే లెక్క పక్కాగా పెట్టి.

జన్యుమార్పిడి మీద మోజుతో వస్తుంటే మాత్రం కొంచెం ఆగు. త్వరగా పెరిగే జన్యుమార్పిడి సాల్మన్ చేపను 1989లో తయారుచేస్తే, తినడానికి అమెరికా అనుమతి 2015లో వచ్చింది. 2024 చివరికి దాన్ని పెంచే కంపెనీ చేపల పెంపకమే ఆపేసింది. మన దేశంలో సాగుకు అనుమతి ఉన్న జన్యుమార్పిడి చేప ఒక్కటీ లేదు. పరిశోధన చేస్తానంటే చెయ్యి, ఉద్యోగం దానిమీద పెట్టుకోకు.

నా అన్నం పుట్టేది రోగనిర్ధారణలో కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

తొంభైల మధ్యలో తెల్లమచ్చల వైరస్ వచ్చి మన తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసింది. గుంటలో మచ్చలు కనపడ్డాక వారం, పది రోజుల్లో అంతా ఖాళీ. ఇళ్లు తాకట్టు పెట్టి గుంటలు తవ్వినవాళ్లు నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ ఆ రోజుల గురించి చెబుతారు. 2009లో విదేశీ రకం వెనామీ రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది. దాని తల్లి రొయ్యలు ఫలానా రోగాలు లేవని తేల్చినవై ఉండాలి, బయటి దేశం నుంచి వచ్చేవి చెన్నైలో క్వారంటైన్ దాటాకే హ్యాచరీకి చేరాలి. అంటే పరీక్ష చేసే మనిషి లేకుండా ఆ పరిశ్రమ బండి కదలదు. ఇప్పుడు తెల్లమచ్చలకంటే రైతుల నోట ఎక్కువగా వినపడేది ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి. ఇది సాధారణంగా రొయ్యను చంపదు, మచ్చ పెట్టదు. కాలేయం లాంటి అవయవంలో చేరి తిన్నది ఒంటికి పట్టనివ్వదు. మేత తింటుంది, కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) తగ్గదు, ఒకే గుంటలో చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉంటాయి. కంటికి కనపడని ఇలాంటివాటికే ల్యాబు కావాలి.

పని ఎలా ఉంటుందంటే, ఆల్కహాల్‌లో వేసిన పిల్లలు సీసాలో వస్తాయి. ఒక్కోటి చిటికెనవేలి గోరంత. పీసీఆర్‌కు వాడే ముందు వాటి కళ్లు తీసేస్తాం, కంట్లో ఉండే పదార్థాలు పీసీఆర్‌కు అడ్డుపడతాయి. నలిపి, డీఎన్‌ఏ తీసి, ఎంజైము ఉన్న మిక్స్ కలిపి మిషన్లో పెడతాం. పీసీఆర్ రెండు విడతలూ పూర్తయ్యాక జెల్ మీద పరిగెత్తించి అతినీలలోహిత కాంతి కింద చూస్తే, తెల్లమచ్చల వైరస్ ఉంటే 941 బేస్‌ల పొడవు దగ్గర ఒక గీత వెలుగుతుంది. అగ్గిపుల్ల మందం కూడా ఉండదు ఆ గీత. దాని మీద లక్షల పిల్లల బతుకు ఆధారపడి ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. హ్యాచరీలో చేరి మూడో నెల. ఫిబ్రవరి, సీజను మొదలు, పిల్ల కోసం రైతుల బండ్లు బయట వరసగా ఉన్నాయి. రాత్రి పదిన్నరకు 14 శాంపిళ్లు వచ్చాయి. ఎప్పుడూ శాంపిళ్లతోపాటు ఒక ట్యూబులో డీఎన్‌ఏ బదులు ఉత్త నీళ్లు పెట్టాలి. దాన్ని నెగెటివ్ కంట్రోల్ అంటాం. ఆ రాత్రి ఎంజైము అయిపోవచ్చింది, 14 శాంపిళ్లకు సరిగ్గా సరిపోయేంతే ఉంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని నీళ్ల ట్యూబు మానేశాను. తెల్లవారుజామున చూస్తే 14కు 14 గీతలు! టెన్షన్‌తో చేతులు వణికాయి. అన్నీ పాజిటివ్ అని రాసిచ్చి గదికి వెళ్లి పడుకున్నాను. పొద్దున మేనేజరు మూడు ట్యాంకుల పిల్లకు బ్లీచింగ్ కొట్టించేశారు.

మధ్యాహ్నం సీనియర్ టెక్నీషియన్ వచ్చి జెల్ ఫొటో చూసి "నీళ్ల ట్యూబు ఏది?" అన్నారు. నా నోట మాట రాలేదు. కొత్త ఎంజైము తెప్పించి, పాత మిక్స్‌లో ఉత్త నీళ్లు వేసి నడిపారు. నీళ్లకు కూడా గీత వచ్చింది. ముందు రోజు పాజిటివ్ జెల్ నింపిన బల్ల మీదే, చుక్కలు కొలిచి తీసే అదే పిపెట్‌తో నేను మిక్స్ కలిపాను. ఆ తుంపరలు మిక్స్‌లో పడ్డాయి. పారబోసిన పిల్లలో రోగం ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు, అడుగుదామన్నా పిల్ల లేదు. ఆయన అరవలేదు. "నీళ్ల ట్యూబు లేకుండా ఇంకోసారి రిపోర్టు రాస్తే నేను సంతకం పెట్టను" అన్నారు, అంతే. ఆ సాయంత్రం నుంచి మిక్స్ కలిపే గది వేరు, జెల్ నింపే గది వేరు, పిపెట్లు వేరు. మీ కాలేజీలో ఈ రెండు పనులూ ఒకే బల్ల మీద చేయిస్తుంటే, ఎందుకని అడుగు. అడిగితే మార్కులు రాకపోవచ్చు. అయినా అడుగు.

దీనికి తిరగేసిన తప్పు రైతు వైపు నుంచి జరుగుతుంది. పది పిల్లల్ని సీసాలో వేసుకొచ్చి, నెగెటివ్ రాగానే "క్లీన్ సీడ్" అని సంతోషంగా వెళ్లిపోతారు. లెక్క చూడు. నూటికి రెండు పిల్లల్లో రోగం ఉందనుకుందాం. పది తీస్తే ఆ పదీ మంచివే పడే అవకాశం 0.98ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 82 శాతం. అంటే రోగమున్న ట్యాంకుకు కూడా పదికి ఎనిమిదిసార్లు "నెగెటివ్" కాగితం వస్తుంది! 150 పిల్లల్ని తీస్తే ఆ మోసపోయే అవకాశం 5 శాతం లోపుకు దిగుతుంది. అందుకే మేం 150 అడుగుతాం. క్లాసులో స్టాటిస్టిక్స్ పీరియడ్ అంటే నువ్వు కూడా నాలాగే నిద్రపోతున్నావేమో, ఈ ఒక్క లెక్కకు మాత్రం లే.

బ్యాక్టీరియా సంగతి ఇంకా తేలిక, ఇంకా ఉపయోగం. గుంట నీళ్లను టీసీబీఎస్ అనే అగార్ ప్లేటు మీద పూసి ఒక రాత్రి ఉంచితే విబ్రియో అనే బ్యాక్టీరియా కాలనీలు వస్తాయి. చక్కెరను వాడుకునేవి పసుపుగా, వాడుకోలేనివి ఆకుపచ్చగా. పచ్చ కాలనీలు పెరుగుతున్నాయంటే రైతులు గాభరాపడతారు. కొంతవరకు న్యాయమే, చిన్న రొయ్యల్ని చంపే విబ్రియో పారాహీమోలిటికస్ పచ్చగానే వస్తుంది. కానీ పచ్చవన్నీ అది కాదు, అదైనా ప్రతి రకమూ విషం తయారుచేయదు. విషం తయారుచేసే జన్యువు ఉందో లేదో చూడాలంటే మళ్లీ పీసీఆరే. "పచ్చ కాలనీ వచ్చింది, ఈ మందు కొట్టండి" అని సీసాలు అమ్మేవాళ్లు కొల్లలు. ఒకసారి కోట్ల కొద్దీ మేలు బ్యాక్టీరియా ఉన్నాయని రాసిన ప్రోబయోటిక్ ప్యాకెట్‌ను నేనే ప్లేటు మీద వేసి చూశాను. మూడు రోజులైనా ప్లేటు కడిగిన అద్దంలా ఉంది. నువ్వు ఈ చదువు చదివితే అలాంటి ప్యాకెట్టును రైతు ఎదుటే పరీక్షించి చూపగలవు. నా దృష్టిలో అదొక్కటే ఒక డిగ్రీకి సరిపడా ఉపయోగం.

అలాగని అన్నిటికీ జన్యువు దాకా పరిగెత్తకూడదు. రెండేళ్ల క్రితం వానాకాలంలో శ్రీకాళహస్తి వైపు ఒక ఊరి చెరువులో చేపలు తేలాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో గొడవ, ఐసు పెట్టెలో చేపలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, "డీఎన్‌ఏ టెస్టు చేయండి మేడమ్" అని. పెద్ద బొచ్చెలే ఎక్కువ చచ్చాయి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మూడు రోజులుగా మబ్బు, నీళ్లు చిక్కటి పచ్చ. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి మీటరు పెడితే ఆక్సిజన్ లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వలేదు, రాత్రంతా ఉన్నది పీల్చేసింది. ఊళ్లో గొడవ ఆ మీటరుతో ఆగింది. బయోటెక్నాలజీ వాళ్లకు ఆక్సిజన్, అమ్మోనియా, ఆల్కలినిటీ చూడ్డం చిన్నతనంగా ఉంటుంది. ఉండకూడదు.

నీచుతో సంబంధం లేని దారి కూడా ఉంది కాబట్టి స్పిరులినా అనే తినే నాచు గురించి చెప్పాలి. మన ఎండలకు అది బాగా సరిపోతుంది, 30 నుంచి 35 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. నీళ్లలో వంటసోడా కలిపి క్షారం పెంచితే, పీహెచ్ పది దగ్గర వేరే నాచులు చాలావరకు బతకవు, ఇది బతుకుతుంది. బట్టతో వడగట్టొచ్చు. మంచి రోజుల్లో చదరపు మీటరుకు రోజుకు 8, 10 గ్రాముల పొడి రావచ్చు. పెంచడం కష్టం కాదు, శుభ్రంగా ఎండబెట్టడం, అమ్మడం కష్టం. తొట్లు కట్టి రెండేళ్లలో మూసినవాళ్లు నాకు తెలుసు. పొడి అమ్మకుండా అందులోని నీలిరంగు ఫైకోసయానిన్‌ను శుద్ధిచేసి అమ్మితే ధర వేరు, ఆ శుద్ధి చేసే పనికి నీలాంటి చదువు కావాలి. రొయ్యల ప్లాంట్లలో మిగిలే తలలు, పెంకులూ అంతే. యాసిడ్‌తో సున్నం, కాస్టిక్ సోడాతో ప్రొటీన్ తీసేస్తే కైటిన్, దాన్ని ఇంకా గట్టి కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్. గాయాలకు వేసే కట్ల నుంచి నీళ్లు శుద్ధిచేసే దాకా వాడతారు. సముద్రపు నత్త విషం నుంచి పుట్టిన నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి పరిశోధన వైపు వాళ్లకు.

ఎక్కడ చదవాలి? ఇక్కడ చాలామంది పిల్లలు తెలియక ఏడాది పోగొట్టుకుంటారు. ఫిషరీస్ డిగ్రీ అయిన బీఎఫ్‌ఎస్సీ వేరు, బీఎస్సీ వేరు. ఫిషరీస్ కాలేజీల్లో ఎంఎఫ్‌ఎస్సీ అనే పీజీకి, ముంబైలోని కేంద్ర ఫిషరీస్ విద్యాసంస్థ సీఐఎఫ్‌ఈలో ఫిష్ బయోటెక్నాలజీ పీజీకి సాధారణంగా బీఎఫ్‌ఎస్సీ అడుగుతారు. నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చేసినవాళ్లది ఆ దారి. నీది బీఎస్సీ కాబట్టి ఆ తలుపు దాదాపు మూసినట్టే. నీకు తెరిచి ఉన్నవి ఎంఎస్సీలు. గోవా యూనివర్సిటీలో మెరైన్ బయోటెక్నాలజీ ఉంది, దానికి గ్యాట్‌-బీ అనే ప్రవేశ పరీక్ష రాయి. కొచ్చిలోని యూనివర్సిటీ కుసాట్ ఉంది. ఇంటి దగ్గరే ఉండాలంటే మన ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో బయోటెక్నాలజీ, జువాలజీ లాంటివి చేసి, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు నీటి వైపు పెట్టుకున్నా చాలు. నేను అలాగే చేశాను. సర్టిఫికెట్ మీద ఆక్వాటిక్ అనే మాట ఉందా అని హ్యాచరీ వాళ్లు ఇంతవరకు నన్ను అడగలేదు. ఇంటర్వ్యూలో పిపెట్ చేతికిచ్చి రెండు మైక్రోలీటర్లు తీయమన్నారు.

ఆ ప్రాజెక్టు మాత్రం ఎక్కడో ఒక చోట కాపీ కొట్టి బైండింగ్ చేయించే రకం కాకూడదు. చెన్నైలో ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర సంస్థ సీబా ఉంది, ముట్టుకాడులో దాని ఫీల్డ్ స్టేషను. ఇక్కణ్నించి సప్తగిరి రైలు ఎక్కితే మూడున్నర గంటలు. పుత్తూరు పిల్లవి, అరవం ఎలాగూ వచ్చుంటుంది, అది నీకు అక్కడ పెద్ద ఆస్తి. మార్గదర్శకుల ద్వారా ముందుగా ఉత్తరం రాయించుకుని అడగాలి, సీట్లు తక్కువ. దొరక్కపోతే ఏదైనా హ్యాచరీ ల్యాబులో మూడు నెలలు ఊరికే చేసినా నష్టం లేదు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సీఎస్ఐఆర్ నెట్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ వాళ్ల బెట్ పరీక్షలకు చదవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టు.

ఉద్యోగాల గురించి పూసగుచ్చినట్టు కాదుగానీ ఉన్నమాట చెబుతాను. మొదటి జీతం చూసి ఏడుపొస్తుంది. నాకు నెలకు తొమ్మిది వేలు, గది వాళ్లదే. మూడేళ్లు పని నేర్చి మారినప్పుడే పెరిగింది. హ్యాచరీ ల్యాబులు, మేత కంపెనీలు, డయాగ్నస్టిక్ కిట్లు తయారుచేసేవాళ్లు, ఎగుమతి ప్లాంట్లు చేర్చుకుంటాయి. గుంటల మీద తిరిగే టెక్నీషియన్ పనికి మగపిల్లల్నే తీసుకోవడం ఎక్కువ, ల్యాబుల్లో ఆడపిల్లలు బాగానే ఉన్నారు. సీజన్లో రాత్రి పని తప్పదు. చేరే ముందు ఉండే గది, రాత్రి వెళ్లొచ్చే దారి కళ్లారా చూసుకో, మీ నాయన్ను తీసుకెళ్లి చూపించు. ఎగుమతి ప్లాంట్లలో పని వేరు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్స్ రొయ్యలో అణువంత దొరికినా కంటైనర్ వెనక్కి వస్తుంది. వాటిని పట్టే ఎల్‌సీఎంఎస్ మిషన్ నడపడం వస్తే జీతమూ బాగుంటుంది, ఆ నైపుణ్యం మందుల కంపెనీల్లో కూడా చెల్లుతుంది. ఒకవేళ ఆక్వా నచ్చకపోయినా వెనక్కి రావడానికి నీకు దారి ఉంటుంది.

ఆఖరున అడిగిన వాసన సంగతి. మాదీ తినని ఇల్లే. మొదటి రోజు బొచ్చె పొట్ట కోసినప్పుడు బయటికి పరిగెత్తాను. రెండు వారాలు అన్నం సహించలేదు. తరవాత ఎప్పుడు అలవాటైందో తెలియదు. చేతులకు నిమ్మచెక్క, కాఫీ పొడి రాసుకుంటే చాలావరకు పోతుంది. పీసీఆర్ గదిలో అయితే అసలు వాసనే ఉండదు, ఉంటే ఆల్కహాల్‌ది. కోయడం, ముట్టుకోవడం మాత్రం తప్పదు, పీజీ ప్రాక్టికల్స్‌లో అయినా తప్పదు. అది మనసుకు ఎదురొస్తుందంటే నాచుల వైపు వెళ్లు, అదీ మంచి దారే. మా అమ్మ మాత్రం ఇప్పటికీ నా ల్యాబు సంచిని గడప దాటనివ్వదు. వాకిట్లో తులసికోటకు అవతల, చెప్పుల పక్కన ఒక మేకు కొట్టించింది. పద్దెనిమిదేళ్లుగా అది అక్కడే వేలాడుతోంది.